కాంతికన్నా ముందొచ్చే కబురు

అమరావతిలో క్వాంటం వ్యాలీ వస్తోందని 2025లో పేపర్లో పడిన రోజున, విజయవాడలో మా పక్కింటి పిన్నిగారు పరుగున వచ్చారు. "ఏమ్మా, ఈ క్వాంటంతో కాంతికన్నా వేగంగా కబురు పంపొచ్చుటగా! అమెరికానుంచి మావాడి సంగతులు ఇట్టే తెలుస్తాయేమో!"

నవ్వకండి. ఆ ప్రశ్నతో మహామహులే కుస్తీ పట్టారు.

కథ 1935లో మొదలైంది. జతగా పుట్టి దూరమైన రెండు కణాల్లో ఒకదాన్ని కొలిస్తే, రెండోదాని సంగతీ ఆ క్షణమే తేలుతుందంటోంది క్వాంటం సిద్ధాంతం. అదెలా కుదురుతుందని ఐన్‌స్టీన్, మరో ఇద్దరూ నిలదీశారు. ఆ తర్వాత ఆయన దీన్ని దయ్యపు చేష్ట అని వెక్కిరించాడు కూడా.

ఎర్రగాజొకటి, పచ్చగాజొకటి వేరువేరు పొట్లాల్లో కట్టి, చూడకుండా ఒకటి అమ్మాయికి పంపామనుకోండి. మన పొట్లంలో ఎరుపుంటే అక్కడ పచ్చే. ఇందులో వింతేముంది? కానీ కణాల పొందిక గాజులకి సాధ్యంకానంత గట్టిది. దాన్ని పరీక్షించే దారి 1964లో జాన్ బెల్ చూపించాడు. పరీక్షించి నిరూపించిన ఆస్పే, క్లాసర్, జైలింగర్‌లకు 2022లో నోబెల్ వచ్చింది.

మరి కబురో? ఎలా కొలవాలన్నది మన ఇష్టం. ఏం తేలుతుందన్నది మన చేతుల్లో లేదు. మనమెలా కొలిచామో అవతలివాళ్ళకి ఒక్క కణాన్ని చూస్తే తెలియదు.

"అయితే దానికి లేజరుతో బోలెడు నకళ్ళు తీస్తే?" అన్నాడు నిక్ హెర్బర్ట్, 1982లో అచ్చయిన వ్యాసంలో. తమాషా ఏమిటంటే, దాన్ని పరిశీలించిన ఆషెర్ పెరెస్, తప్పని తెలిసే అచ్చెయ్యమన్నాడు. తప్పెక్కడో వెతికితే కొత్త సంగతి బయటపడుతుందని ఆయన ఆశ. అలాగే అయింది! తెలియని క్వాంటం స్థితికి అచ్చమైన నకలు తియ్యడం అసాధ్యమని ఆ ఏడాదే వూటర్స్, జూరెక్ కలిసీ, డీక్స్ విడిగానూ తేల్చేశారు. చూడబోతే చెరిగిపోయే ముగ్గుని ఎవరు దించుకోగలరు?

నకలు మనకి కుదరకపోతే దొంగకీ కుదరదుగా! ఆ కిటుకుతోనే, చాటుగా విన్నవాణ్ణి పట్టిచ్చే రహస్య సంకేతాల పద్ధతిని 1984లో బెనెట్, బ్రసార్డ్ చెప్పారు.

ఇదంతా విని పిన్నిగారు నీరుగారిపోయారు.

"కాంతి సెకనుకి దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుందండీ. గాజుతీగల్లో కాస్త నెమ్మదిస్తుంది. అయినా అమెరికానుంచి మాట రావడానికి సెకను కూడా పట్టదు" అన్నాను, ఊరడింపుగా.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "అయితే ఆలస్యం దారిలో లేదన్నమాట" అంటూ పేపరు మడిచారు.