నీలిమందు: మగ్గానికీ నూనెగిన్నెకీ ఒకటే ఆకు



నీలిరంగుకు మన పెద్దోళ్ళ పేరు నీలిమందు. 'మందు' అన్నది ఉత్త మాట కాదు. నూలుకు రంగిచ్చిన ఆకే ఇంట్లో వైద్యానికీ పనికొచ్చింది. ఆ చెట్టు అవిరి. నీలిచెట్టు అనీ అంటారు.

విజయనగర కాలంలోనూ, 1529లో విశ్వనాథ నాయకుడితో మొదలైన మదురై నాయకుల కాలంలోనూ తెలుగు కుటుంబాలెన్నో దక్షిణానికి తరలివచ్చాయి. మదురై, కోయంబత్తూరు సీమల్లో మగ్గాలు వేసుకుని స్థిరపడ్డ మన నేతకుటుంబాలూ వాటిలో ఉన్నాయి. ఇక్కడికొచ్చాక మన మాటల్లో ఎన్నో అరవ మాటలు కలిశాయి. ఈ చెట్టు పేరుకు మాత్రం ఆ అవసరం రాలేదు. మనం అవిరి అంటే వాళ్ళు అవురి అన్నారు.

పచ్చి ఆకులో నీలం కనిపించదు. నీళ్ళలో నానబెట్టి, పులిసిన నీటిని బాగా చిలికితే నీలం అడుగున పేరుకుంటుంది. దాన్ని ఆరబెట్టి బిళ్ళలు చేసేవోళ్ళు. ఆ బిళ్ళ ఉత్త నీళ్ళలో కరగదు. అందుకే బానలో సున్నం, ఉడికించిన తగిరిస గింజలు వేసి పులియబెట్టేవోళ్ళు. బానలో ముంచి తీసిన చిలప ముందు పచ్చగా ఉండి, గాలి తగిలేకొద్దీ నీలమవుతుంది. ఆ తగిరిస కూడా మందుచెట్టే. సంస్కృతంలో దాని పేరు దద్రుఘ్నం, అంటే తామరను పోగొట్టేది.

ఆయుర్వేదంలో అవిరి పేరు నీలిని. గుల్మరోగానికి నీలిన్యాది ఘృతం అని నెయ్యిమందు ఉంది. మన ఇళ్ళకు బాగా తెలిసింది తలనూనె. అవిరాకు రసం, గుంటగలగర, ఉసిరి, బుడ్డకాకర, పాలు చేర్చి కాచే నీలిభృంగాది తైలం నేటికీ ఆయుర్వేద అంగళ్ళలో దొరుకుతుంది. అవ్వలు అన్నీ వేయకపోయినా, అవిరాకూ గుంటగలగరా కొబ్బరినూనెలో కాచి సీసాకు పోసి పెట్టేవోళ్ళు. తల చల్లగా ఉంటుందనీ, జుట్టు రాలదనీ వాళ్ళ నమ్మకం.

1897లో జర్మనీలోని బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ కృత్రిమ నీలిరంగును అమ్మకానికి తెచ్చింది. అది చవక, వాడకం సులువు. కొన్నేళ్ళకే మన దేశంలో నీలిసాగు పడిపోయింది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ సరుకు ఆగినప్పుడు కొంత కోలుకున్నా, ఆ తర్వాత నిలవలేదు. నీలిబానలు ఒక్కొక్కటే మూలపడ్డాయి. ఇప్పుడు మన పక్కనున్న తిరుప్పూరుకు ప్రపంచమంతా బట్టల ఆర్డర్లు వస్తాయి. కానీ జీన్స్ గుడ్డకు వాడే నీలం దాదాపు అంతా ఫ్యాక్టరీదే.

మనం గమనించాల్సింది ఇక్కడే ఉంది. మగవాళ్ళ వృత్తిలోంచి పోయిన ఆకును ఆడవాళ్ళు నూనెగిన్నెలో నిలబెట్టారు. వాళ్ళ పేర్లు ఏ శాసనంలోనూ లేవు. అయినా మన వృత్తిచరిత్రలో ఒక పుటను వాళ్ళే కాపాడారు.

ఇవాళ నాటుమందుల అంగట్లో అవిరిపొడి దొరుకుతుంది. గోరింటాకు పెట్టి కడిగాక, గోరువెచ్చని నీళ్ళలో కలిపిన అవిరిపొడి పట్టిస్తే తెల్లజుట్టు నల్లబడుతుంది. మొదట పచ్చగా కనిపించి మర్నాటికి ముదురుతుంది. బానలో చిలపకు జరిగిందే జుట్టుకూ జరుగుతుంది. ఇది రంగు మాత్రమే. నెరిసిన జుట్టు వేరునుంచి నల్లగా మొలవదు.

జాగ్రత్తలూ చెప్పాలి. 'నల్ల హెన్నా' పేరుతో వచ్చే కొన్ని పొట్లాల్లో పి.పి.డి. అనే రసాయనం కలుస్తుంది. అది పడనివాళ్ళకు ముఖం వాచి ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం ఉంది. పొట్లం మీద ఏమేం కలిపారో చదవండి. అచ్చమైన అవిరిపొడైనా ముందు మోచేతి దగ్గర కొంచెం రాసి, ఒకరోజు ఆగి చూడండి. కడుపులోకి తీసుకునే మందు వైద్యుడు చెప్పకుండా వద్దు. గర్భిణులు అసలు ముట్టుకోవద్దు. పాముకాటుకు అవిరివేరు వాడారని పెద్దోళ్ళు చెప్తారు. ఇప్పుడు మాత్రం ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికే పోవాలి.

తిండివనం వైపు నేటికీ అవిరి పండిస్తున్నారు. విత్తనం దొరికితే మన వీధిలో ఒక తొట్టిలోనైనా వేద్దాం. ఈ వార్షికోత్సవం రోజున ఇంట్లో అవ్వ ఉంటే, నూనె ఎలా కాచేదో అడిగి, ఆమె మాటల్లోనే తెలుగులో రాసిపెట్టుకుందాం. బాన పోయింది. ఆ లెక్క కూడా పోతే, మళ్ళీ అడగడానికి మనకెవరూ ఉండరు.