ఛార్జింగ్ ఎక్కడ ఆపాలి? రేడియో కార్ల బ్యాటరీల చరిత్ర

జపాన్‌లోని షిజువోకా నగరానికి చెందిన తమియా సంస్థ 1976లో పోర్షే 934 నమూనా కారును రేడియో సంకేతాలతో, విద్యుత్ మోటారుతో నడిచేలా తయారుచేసి అమ్మకానికి పెట్టింది. అంతకుముందు మెథనాల్ ఇంధనంతో నడిచే చిన్న ఇంజన్ల చుట్టూ తిరిగిన ఈ అభిరుచి ఆ దశాబ్దం చివరికి మామూలు ఇళ్లలోకి చేరింది. బ్యాటరీని ఇంట్లోనే ఛార్జింగ్ చేసుకోవలసిన పని కూడా దానివెంటే వచ్చింది. బ్యాటరీలోకి కరెంటు పంపడం ఏనాడూ పెద్ద సమస్య కాలేదు, ఎక్కడ ఆపాలన్నదే సమస్య. బ్యాటరీలోని రసాయనం మారిన ప్రతిసారీ ఈ ప్రశ్నకు జవాబు మారుతూ వచ్చింది. పాత రసాయనం నేర్పిన మంచి అలవాటే కొత్తదాని దగ్గర ప్రమాదానికి దారితీసింది.

తొలి తరం కార్లు నికెల్-కాడ్మియం సెల్లులతో నడిచాయి. స్వీడన్ శాస్త్రజ్ఞుడు వాల్డెమార్ యుంగ్నర్ 1899లో రూపొందించిన ఈ సెల్లు, ఇరవయ్యో శతాబ్దం మధ్యనాటికి పూర్తిగా మూసివేసిన డబ్బా రూపం పొందడంతో చిన్న పరికరాల్లో ఇమిడింది. ఒక్కో సెల్లు 1.2 వోల్టులు ఇస్తుంది కనుక, ఆరింటిని వరుసగా కలిపి 7.2 వోల్టుల ప్యాక్‌గా కట్టేవారు. ప్యాక్ సామర్థ్యంలో పదో వంతు కరెంటును, అంటే 1200 మిల్లీ ఆంపియర్ గంటల ప్యాక్‌కు 120 మిల్లీ ఆంపియర్లను, 14 నుంచి 16 గంటలు పంపడం అప్పటి సురక్షిత పద్ధతి. అంత తక్కువ కరెంటుతో ఒకటి రెండు గంటలు ఎక్కువైనా సెల్లు తట్టుకునేది.

పందేలు మొదలయ్యాక ఆ ఓపిక నిలవలేదు. మైదానం పక్కన ఆపిన అసలు కారు బ్యానెట్ ఎత్తి, దాని 12 వోల్టుల బ్యాటరీకి క్లిప్పులు తగిలించి, గడియారపు మీట తిప్పి పావుగంటలో ప్యాక్ నింపే ఛార్జర్లు వాడుకలోకి వచ్చాయి. 1200 మిల్లీ ఆంపియర్ గంటల ప్యాక్ అంత వేగంగా నిండాలంటే దాదాపు 5 ఆంపియర్ల కరెంటు కావాలి. గడియారానికి కాలం తెలుస్తుందే తప్ప, ప్యాక్ అప్పటికే సగం నిండి ఉందన్న సంగతి తెలియదు. నిండిన సెల్లులోకి ఇంకా కరెంటు వెళ్తే ధన ధ్రువం దగ్గర ఆక్సిజన్ పుట్టి, కాడ్మియం వైపు చేరి, అక్కడ మళ్లీ కలిసిపోతూ వేడినిస్తుంది. వాయువు పుట్టే వేగం కలిసిపోయే వేగాన్ని మించితే లోపల ఒత్తిడి పెరిగి సెల్లు రంధ్రం తెరుచుకుంటుంది. అనుభవజ్ఞులు ప్యాక్ మీద చెయ్యి ఆనించి, గోరువెచ్చదనం తగలగానే క్లిప్పులు పీకేవారు.

ఆ వేడిలోనే మెరుగైన జవాబు దొరికింది. నిండిన నికెల్ సెల్లు వేడెక్కగానే, అప్పటిదాకా పెరుగుతూ వచ్చిన దాని వోల్టేజి శిఖరాన్ని తాకి, కొద్ది మిల్లీవోల్టులు దిగుతుంది. 1980ల్లో అభిరుచిదారుల చేతికొచ్చిన ఎలక్ట్రానిక్ ఛార్జర్లు ఆ దిగుదలను పసిగట్టి కరెంటును వాటంతట అవే ఆపేశాయి. ఈ అభిరుచి చరిత్రలో ఇంతకంటే సొగసైన ఆవిష్కరణ మరొకటి లేదు: పరికరం ఊహ మీద కాక, సెల్లు స్వయంగా ఇచ్చే సూచన మీద ఆధారపడింది. తర్వాత వచ్చిన నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్లుల్లో ఈ దిగుదల మరీ స్వల్పం కావడంతో ఛార్జర్లను ఇంకా సున్నితంగా తీర్చవలసి వచ్చింది. విషపూరితమైన కాడ్మియాన్ని చిన్న బ్యాటరీల్లో చాలావరకు నిషేధిస్తూ 2006లో ఐరోపా సమాఖ్య ఆదేశం వెలువడేనాటికే పందెగాళ్లు ఈ కొత్త సెల్లులకు మళ్లారు.

లిథియం ఈ లెక్కనంతా తలకిందులు చేసింది. సోనీ 1991లో మార్కెట్లోకి తెచ్చిన లిథియం-అయాన్ సాంకేతికత, మెత్తని సంచిలాంటి పొరలో చుట్టిన లిథియం-పాలిమర్ రూపంలో 2000ల్లో నమూనా విమానాలకూ కార్లకూ చేరింది. దీనిలో ఒక్కో సెల్లు నిండు వోల్టేజి 4.2. ఇక్కడ శిఖరం ఉండదు, దిగుదల ఉండదు. నికెల్ ఛార్జర్‌కు తగిలిస్తే అది ఎన్నటికీ రాని దిగుదల కోసం ఎదురుచూస్తూ కరెంటు పంపుతూనే ఉంటుంది. 4.2 దాటాక లిథియం లోహరూపంలో పేరుకుంటుంది, సంచి ఉబ్బుతుంది, మండే స్వభావంగల లోపలి ద్రావణి అంటుకుంటుంది. పరివర్తన కాలపు అగ్నిప్రమాదాలకు ఛార్జర్‌లో రసాయనాన్ని తప్పుగా ఎంచుకోవడం ఒక ముఖ్య కారణం. పందెం ముగిశాక బల్బులు తగిలించి నికెల్ ప్యాక్‌ను పూర్తిగా ఖాళీ చేసే అలవాటు కూడా చెడ్డదైంది. లిథియం సెల్లు 3 వోల్టుల కిందకు దిగితే పాడవుతుంది, నిల్వకు 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి.

మొత్తం వోల్టేజి ఒక్కటే చూస్తే చాలదన్నది తర్వాతి పాఠం. రెండు సెల్లుల ప్యాక్ 8.4 వోల్టులు చూపుతున్నా, లోపల ఒకటి 4.3 వద్ద, మరొకటి 4.1 వద్ద ఉండవచ్చు. అందుకే ప్రతి సెల్లు నుంచీ సన్నని తీగ బయటికి తీసి తెల్లని చిన్న ప్లగ్గుతో ఛార్జర్‌కు కలిపే బ్యాలెన్సింగ్ పద్ధతి స్థిరపడింది. 5000 మిల్లీ ఆంపియర్ గంటల ప్యాక్‌కు 5 ఆంపియర్లు మించకపోవడం, మండని నేల మీదనో మంటను తట్టుకునే సంచిలోనో ఉంచి ఛార్జింగ్ చేయడం, పక్కనే మనిషి ఉండడం, ఉబ్బిన ప్యాక్‌ను మళ్లీ వాడకపోవడం నియమాలయ్యాయి.

ఇదే జాగ్రత్త రవాణాకూ పాకింది. 2016 ఏప్రిల్ 1 నుంచి విడి లిథియం-అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడం నిషేధించారు. సరుకు విమానాల్లోనూ వాటి ఛార్జ్ 30 శాతం మించరాదన్నారు. అలా వచ్చిన కొత్త ప్యాక్‌ను కొన్నవారు ముందుగా ప్రతి సెల్లు వోల్టేజినీ కొలిచి, ఆ తర్వాతే తొలి ఛార్జింగ్ మొదలుపెట్టాలి.