బియ్యం నుంచి భోజనానికి, దయ నుంచి హక్కుకు: కృష్ణా డెల్టాలో బడి భోజన చరిత్ర

కృష్ణా డెల్టాను అన్నపూర్ణ అంటారు. 1855 నాటికి విజయవాడ ఆనకట్ట పూర్తయి, కాలువల కింద వరి సాగు విస్తరించింది. అయితే వరి పండే ప్రాంతంలో ప్రతి బిడ్డకూ కడుపు నిండుతుందని మీరు భావించకూడదు. ధాన్యం భూమి గలవారి గాదెలకు చేరేది. నాట్లకు, కోతలకు వెళ్లే కూలీల ఇళ్లలో పొయ్యి వెలగడం ఆనాటి కూలిపై ఆధారపడేది. బడి భోజన చరిత్రను ఈ వైరుధ్యం నుంచి పరిశీలించాలి.

పిట్టి త్యాగరాయ చెట్టి నాయకత్వంలో మద్రాసు నగరపాలక సంస్థ 1920లో థౌజండ్ లైట్స్ పాఠశాలలో మధ్యాహ్న ఫలహారం ప్రవేశపెట్టింది. కృష్ణా జిల్లా అదే రాజధానిలో ఉన్నా ఆ ప్రయోగం నగరానికే పరిమితమైంది. కామరాజ్ ప్రభుత్వం 1956లో మద్రాసు రాష్ట్రంలో బడి భోజనాన్ని విస్తరించేనాటికి, అంటే 1953లోనే, ఆంధ్ర విడిపోయింది.

1995 ఆగస్టు 15న కేంద్రం జాతీయ పథకం ప్రారంభించింది. వండిపెట్టడానికి బదులు చాలా రాష్ట్రాలు 80 శాతం హాజరున్న విద్యార్థికి నెలకు 3 కిలోల ధాన్యం ఇచ్చాయి. మన రాష్ట్రంలో బియ్యం ఇచ్చారు. ఇంటికి చేరిన బియ్యం ఇంటిల్లిపాదికీ ఒకే కుండలో ఉడుకుతుంది. కనుక బిడ్డకు ఎంత దక్కిందో చెప్పలేం.

గిడ్డంగుల్లో ధాన్యం నిండి ఉండగా ప్రజలు పస్తులుండటంపై 2001లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. డెల్టాలో మనం చూసిన వైరుధ్యమే ఇది. ఏడాదికి కనీసం 200 రోజులు, 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు గల వండిన భోజనం పెట్టాలని నవంబరు 28న న్యాయస్థానం ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్ బడులలో 2003 జనవరిలో వంట మొదలైంది. ఆ బాధ్యతను ఎక్కువగా డ్వాక్రా మహిళలు చేపట్టారు. అన్నం నేరుగా బిడ్డ విస్తరిలోకి చేరింది. అన్ని కులాల పిల్లలు ఒకే పంక్తిలో కూర్చోవలసి వచ్చింది. వంటవారి నియామకంలో దళితులకు ప్రాధాన్యమివ్వాలని 2004లో న్యాయస్థానం చెప్పడంలోని సామాజిక ప్రాముఖ్యాన్ని గమనించండి.

2013 ఆహార భద్రతా చట్టం ఈ భోజనాన్ని హక్కుగా మార్చింది. ప్రాథమిక తరగతులకు 450 కేలరీలు, ప్రాథమికోన్నత తరగతులకు 700 కేలరీలు నిర్ణయించింది. ప్రభుత్వాలు మారినప్పుడు పథకం పేరు మారింది. 2020లో గోరుముద్ద, 2024లో డొక్కా సీతమ్మ పేరు వచ్చాయి. గోదావరి డెల్టాలోని లంకల గన్నవరంలో బాటసారులకు అన్నం పెట్టిన దాత ఆమె. పేరు ఏదైనా 8వ తరగతి వరకు భోజనం చట్టబద్ధం.

2025 జనవరి 4న విజయవాడ పాయకాపురంలోని ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఈ భోజనం ఇంటర్ విద్యార్థులకు మొదలైంది. అయితే ఆ వయసువారికి 2013 చట్టం హామీ ఇవ్వదు. అది ప్రభుత్వ నిర్ణయంపైనే నిలిచి ఉంది. దాత పెట్టే అన్నానికి, చట్టం పెట్టే అన్నానికి ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. మొదటిది ఆగిపోతే బాధపడగలం, రెండవది ఆగిపోతే అడగగలం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: బియ్యం పంపిణీకి, వండిన భోజనానికి గల భేదాన్ని మీ ఊరి బడిని ఉదాహరణగా తీసుకుని పది వాక్యాలలో వివరించండి.