యంత్రం కదలక ముందు: తనిఖీ రాతల ఆరు దశాబ్దాలు

హైదరాబాద్‌లోని హైదర్‌గూడ, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ పేటలకు చదువుతో అనుబంధం పాతది. వీటికి కూతవేటు దూరంలోని సుల్తాన్‌బజార్‌లో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. శాస్త్ర విషయాలను తెలుగులో రాయాలన్న సంకల్పంతో కొమర్రాజు లక్ష్మణరావు, ఆయన మిత్రులు 1906లో ఈ నగరంలోనే విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించారు. ఆ పరంపరలోనే 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి, హైదర్‌గూడను ఆనుకొని ఉన్న హిమాయత్‌నగర్ నుంచి పాఠ్యపుస్తకాలు, పారిభాషిక పదకోశాలు వెలువరించింది. దానికి ఒక్క ఏడాది ముందు, 1967లో, ఈ నగరంలోనే కంప్యూటర్లు తయారుచేసిన ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ పుట్టింది. తెలిసినవాడు తెలియనివాడికోసం రాసిపెట్టే అలవాటు, కంప్యూటరు తయారుచేసే పరిశ్రమ మన దగ్గర ఇలా ఇంచుమించు ఒకే కాలంలో వేళ్లూనుకున్నాయి. అప్పగించిన పనిని తామే అంచెలంచెలుగా చేసుకుపోయే ఏఐ ఏజెంట్ల కాన్ఫిగరేషన్‌ను, అంటే వాటి సెట్టింగులను, సరిచూసే టూల్‌కు ఈనాడు డాక్యుమెంటేషన్ రాస్తున్న యువ ఇంజినీర్లు ఈ రెండింటికీ వారసులేనని నా నమ్మకం.

ఏ.ఎస్. రావు సారథ్యంలో ఈసీఐఎల్, ట్రాంబే అణు పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకున్న 12 బిట్ల టీడీసీ-12ను తయారుచేసింది. 1970లలో 16 బిట్ల టీడీసీ-316ను తెచ్చింది. ఆ తరం మినీ కంప్యూటర్లను నడపాలంటే ముందు గది చల్లదనం చూసుకోవాలి, కరెంటు నిలకడ చూసుకోవాలి, ప్యానెల్ మీద మీటలు వరుస తప్పకుండా వేయాలి, పేపర్ టేపు ఎక్కించాలి. ఆ వరుస చాలావరకు ఇంజినీర్ల చేతివేళ్లలోనే ఉండేది. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లినప్పుడు దాని యంత్రాల బాగోగులను ప్రభుత్వరంగ సంస్థ సీఎంసీ భుజాన వేసుకుంది. ఈ చరిత్రలో అది పెద్ద మలుపని నేననుకుంటాను. చేసినవాడు పక్కన లేనప్పుడు, అడగడానికి మనిషి దొరకనప్పుడు, రాతే దిక్కవుతుంది.

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ 1971 నవంబరులోనే యూనిక్స్‌కు తొలి మాన్యువల్ వెలువరించారు. అందులో ఒక్కో ఆదేశానికి ఇచ్చిన వివరణలో, దాని లోపాలు చెప్పడానికి కూడా ఒక చోటు కేటాయించారు. తమ పనిలో ఎక్కడ లోటుందో తామే రాసిపెట్టిన ఆ నిజాయతీకి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. 1979 నాటి ఏడో కూర్పుతో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ వచ్చాయి. ప్రోగ్రామును ముట్టుకోకుండానే, అది నడిచే తావును బట్టి దాని నడత మార్చే వీలు అప్పుడు కలిగింది. ఆ వీలుతోపాటే, ప్రోగ్రాములో తప్పేమీ లేకపోయినా పని ఆగిపోయే కాలమూ వచ్చింది.

మన కుర్రకారుకు ఆ సంగతి అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో అనుభవానికి వచ్చింది. జావా కోర్సులో తొలి రోజుల పాఠం, ఫైళ్లను ఎక్కడ వెతకాలో యంత్రానికి చెప్పే పాత్, క్లాస్‌పాత్ పెట్టడం. క్లాస్‌పాత్‌లో 'ఇదే ఫోల్డరు' అని సూచించే ఒక్క చుక్క మరిచిపోతే, ఎదురుగా ఉన్న ఫైలే కనబడడంలేదని యంత్రం మొరాయించేది. క్లాసులో చేత్తో రాసుకున్న నోట్సు జిరాక్సులై హాస్టల్ గదుల్లో చేతులు మారేది. ఎన్నో ఇళ్లను నిలబెట్టిన ఆ జిరాక్సు నోట్సుకు మన సాఫ్ట్‌వేర్ చరిత్రలో దక్కవలసిన గౌరవం ఇంకా దక్కలేదు.

ఈలోగా తనిఖీ కాగితం మీదనుంచి ప్రోగ్రాములోకి చేరింది. 1991లో డేవిడ్ మెకంజీ మొదలుపెట్టిన ఆటోకాన్ఫ్‌తో, కంపైలరు ఉందా, ఫలానా లైబ్రరీ ఉందా అని యంత్రమే ఒక్కొక్కటీ చూసి వరుసగా చెప్పసాగింది. 2011లో క్లౌడ్ సంస్థ హెరోకూకు చెందిన ఆడం విగిన్స్ వెబ్ ప్రోగ్రాములకు పన్నెండు సూత్రాలు రాస్తూ, సెట్టింగులు కోడులో కాక ఎన్విరాన్‌మెంట్‌లో ఉండాలన్నాడు. 2013లో డాకర్ వచ్చి, ప్రోగ్రామునూ దాని పరిసరాలనూ ఒకే మూటగా కట్టింది.

2024 నవంబరులో ఏఐ సంస్థ ఆంత్రోపిక్ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను ప్రకటించాక, ఏఐ ఏజెంట్లకు బయటి టూల్స్‌ను తగిలించడం సులువైంది. ఏ ఆదేశం నడపాలి, లోపలికి అనుమతించే ఏ రహస్య కీ వాడాలి అన్నది చిన్న కాన్ఫిగరేషన్ ఫైలు చెబుతుంది. అందులో అక్షరం తప్పితే మనిషైతే ఆగి పక్కవాణ్ని అడుగుతాడు. ఏజెంటు మాత్రం చాలాసార్లు తనకు తోచిన దారి వెతుకుతుంది. వేరే వెర్షను దించుకోవచ్చు, ఉన్న ఫైలును మార్చేయవచ్చు. అందుకే పని మొదలుకాక ముందే సరిచూసే టూల్ కావాలి.

ఒక్క ఉదాహరణ చాలు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ విలువ ఎప్పుడూ అక్షరాల వరుసే. ప్రమాదకరమైన పనులు వద్దని అక్కడ 'ఫాల్స్' అని రాసినా, పైథాన్‌లో దాన్ని నేరుగా బూలియన్‌గా మారిస్తే, ఖాళీ కాదు కాబట్టి 'ట్రూ' కిందే లెక్క. కాపీ చేసిన కీ చివర అంటుకున్న ఖాళీ కూడా ఇలాంటిదే. కంటికి కనబడదు, కీ మాత్రం పనిచేయదు. మంచి టూల్ వీటిని పట్టుకొని, రహస్య కీని తెరమీద చూపకుండా, అంతా సవ్యమైతే సున్నా, కాకపోతే మరో అంకె తిరిగిస్తుంది. ఏజెంటు ఆ అంకెను బట్టే ముందుకు సాగాలో ఆగాలో తేల్చుకోగలదు.

ఇలాంటి టూల్‌కు డాక్యుమెంటేషన్ రాయడం వెనకటి మాన్యువల్ రాయడంకన్నా కష్టం, ఎందుకంటే దాన్ని మనిషీ చదువుతాడు, ఏజెంటూ చదువుతుంది. 'డేటాబేస్ సెట్టింగు తప్పు' అంటే చాలదు. ఏ వేరియబుల్, ఏ ఫైలులో, ఏ రూపంలో ఉండాలి, ఇప్పుడు ఎలా ఉంది, దాన్ని ఎవరు సరిచేయాలి అన్నవి విడివిడిగా రావాలి. ఫోల్డరు లేకపోతే ఏజెంటు సృష్టించుకోవచ్చు. కీ గడువు తీరితే మనిషే కొత్తది తేవాలి, అంతవరకు ఏజెంటు ఆగాలి. యూనిక్స్ పెద్దలు లోపాలకు చోటిచ్చినట్టే, ఈ టూల్ దేన్ని సరిచూడలేదో కూడా రాయాలి. కీ చెల్లుతుందని అది చెప్పగలదు. ఆ కీ తెరిచే డేటాబేస్ పరీక్షలకోసం పెట్టిందో, వేలమంది ఖాతాదారుల అసలు లెక్కలున్నదో ఎవరూ ఎక్కడా రాసిపెట్టకపోతే, దానికి తెలిసే మార్గం లేదు.