రాజీనామా: కౌలు వివాదాల్లో సమ్మతికి పడిన న్యాయస్థానపు ముద్ర

నేడు ‘రాజీనామా’ అనగానే పదవిని వదులుకోవడమే స్ఫురిస్తుంది. పారసీకం ద్వారా మనకు చేరిన ఈ మాటకు మూలార్థం సమ్మతి పత్రం. కచేరీ తెలుగులో అది రెండు పనులు చేసింది. దావాలోని ఉభయపక్షాలు ఒక ఒప్పందానికి వచ్చి న్యాయస్థానంలో దాఖలు చేసే పత్రం రాజీనామా; రైతు తన భూమిని విడిచిపెడుతున్నానని రెవెన్యూ అధికారికి రాసి ఇచ్చేదీ రాజీనామాయే. నిఘంటుకారుడికి ఇది అర్థభేదం మాత్రమే. కౌలు వివాదాల చరిత్రను చూసేవారికి మాత్రం ఒప్పుకోవడానికీ వదులుకోవడానికీ మధ్య దూరమెంత అన్న ప్రశ్న ఎదురవుతుంది.

1802 శాశ్వత శిస్తు నిర్ణయం తరువాత జమీందారీ గ్రామాల్లో ఆ దూరం ఒక జత కాగితాల మీద ఆధారపడింది. జమీందారు పట్టా ఇవ్వాలి, రైతు ముచ్చిలిక రాసివ్వాలి. మద్రాసు ప్రభుత్వపు 1865 నాటి 8వ చట్టం ఈ మార్పిడిని శిస్తు వసూలు చర్యలకు ముందు షరతుగా చేసింది. జమీందారు పట్టా ఇవ్వకపోతే రైతు కలెక్టరును ఆశ్రయించవచ్చు. శిస్తు ఎంత అన్నదే తగాదా అయితే, 11వ సెక్షను మొదట చూడమన్నది ఉభయుల మధ్య ఉన్న కరారును. అది మాటల్లో ఉన్నా సరే, నడవడిని బట్టి ఊహించదగినదైనా సరే. ఈ ఊహ రైతుకు ఎప్పుడూ ప్రతికూలమేనని చెప్పడం సరికాదు. ఒకే రేటును ఏళ్ల తరబడి పుచ్చుకున్న జమీందారు ఆ రేటుకే కట్టుబడి ఉన్నాడని రైతు కూడా వాదించవచ్చు. కాని ముచ్చిలికపై నిశాని ఏ పరిస్థితిలో పడిందన్నది ఆ సెక్షను అడిగిన ప్రశ్న కాదు.

జమీందారీ రైతును ఏటికేడాది కౌలుదారుగా ముందే భావించరాదని 1897లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పింది. 1908 ఎస్టేట్ల భూచట్టం రైతు సాగు హక్కును స్థిరపరచి, ఆ హక్కును హరించే కరారులు చెల్లకుండా చేసింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ వచ్చినదీ 1908లోనే. చట్టసమ్మతమైన ఒప్పందంతో దావా పరిష్కారమైతే న్యాయస్థానం దాన్ని నమోదు చేసి డిక్రీ ఇవ్వాలని అందులోని 23వ ఆర్డరు 3వ రూలు చెబుతుంది. రాజీ డిక్రీ అంటే న్యాయస్థానపు ముద్ర పడిన ఒప్పందమేనని న్యాయమూర్తులు తరచుగా చెప్పిన మాట. అయితే, కరారు ద్వారా వదులుకోలేని హక్కును రాజీనామా ద్వారా వదులుకోవచ్చునా? ‘చట్టసమ్మతమైన’ అన్న విశేషణం బరువంతా ఇక్కడే తెలుస్తుంది.

ఈ చిక్కుపై సుప్రీంకోర్టు స్పష్టంగా మాట్లాడిన తీర్పులు పొలాల గురించి కాక పట్టణపు ఇళ్ల గురించి రావడం గమనార్హం. అద్దె నియంత్రణ చట్టాల ప్రకారం, అందులో పేర్కొన్న కారణాలు ఉంటేనే అద్దెదారును ఖాళీ చేయించాలి. ఇల్లు ఖాళీ చేస్తానని అద్దెదారు రాజీపడ్డాడన్న ఒక్క కారణంతో ఇచ్చిన డిక్రీ చెల్లదని, చట్టం చెప్పిన కారణం ఉన్నట్లు న్యాయస్థానం తృప్తి చెందాలని 1970లో ఢిల్లీకి చెందిన కేసులో తేల్చారు. మద్రాసు చట్టం కింద 1973లో వచ్చిన కేసులో ఫలితం వేరు. యజమాని సొంత నివాసావసరాన్ని అద్దెదారు అంగీకరించినట్లే రికార్డును బట్టి తెలుస్తున్నది గనుక రాజీ డిక్రీ నిలిచింది. రెండు తీర్పుల సూత్రం ఒకటే. కాని రెండవదానిలో అంగీకారమే మళ్లీ సాక్ష్యమైంది. 1865 నాటి ఊహ వేరే దారిన తిరిగి వచ్చిందని నా అభిప్రాయం. 1976 సవరణ ఒప్పందం లిఖితపూర్వకంగా, ఉభయుల సంతకాలతో ఉండాలన్నది. నిశానీల చరిత్ర తెలిసినవారికి అది చాలినంత రక్షణగా కనిపించదు.

1987 న్యాయసేవల చట్టం ప్రకారం లోక్ అదాలత్ అవార్డు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు లేదు. అక్కడ తీర్పునకు ఆధారం పక్షాల సమ్మతే గనుక, ఆ సమ్మతిని పరీక్షించే బాధ్యత అంతా నమోదు చేసే క్షణంలో పీఠంపై కూర్చున్నవారిదే. ఆ పరిష్కారాన్ని ఇప్పుడు అందరూ ‘రాజీ’ అంటున్నారు. ‘నామా’ పదవుల వైపు వెళ్లిపోయింది.