పాత జీపుకు ఫుల్ ఫ్లోటింగ్ వెనుక యాక్సిల్: రైతులు తెలుసుకోవలసినవి

పొలం బాటల్లో బస్తాలు మోసే పాత జీపుకు ఏ యాక్సిల్ ఉందో ముందుగా మెకానిక్‌తో చూపించుకోవాలి.

సెమీ ఫ్లోటింగ్ యాక్సిల్‌లో షాఫ్టే చక్రాన్ని తిప్పుతుంది, బండి బరువునూ మోస్తుంది. గుంతల్లో అది విరిగితే చక్రం ఊడిపోయి బండి బోల్తా పడవచ్చు.

ఫుల్ ఫ్లోటింగ్‌లో హబ్, హౌసింగ్ చివరనున్న స్పిండిల్‌పై 2 బేరింగుల మీద తిరుగుతుంది. బరువంతా వాటిదే, షాఫ్టు చక్రాన్ని తిప్పడానికే. విరిగినా చక్రం ఊడదు. జాకీ ఎత్తకుండానే షాఫ్టు మార్చుకోవచ్చు.

జాగ్రత్తలు:
• షాఫ్టు ఒక్కటే మారిస్తే చాలదు. స్పిండిల్, హబ్, బేరింగులు, సీళ్లు, బ్రేకులు ఒకదానికొకటి సరిపోవాలి.
• స్పిండిల్ వంకరగా వెల్డింగ్ చేస్తే బేరింగులు త్వరగా పాడవుతాయి.
• కొన్ని రోజులు నడిపాక బేరింగుల లూజు మళ్లీ చూపించాలి.
• యాక్సిల్ మార్చినంత మాత్రాన లోడు పెంచకూడదు.
• అనుమతి గురించి ముందే ఆర్‌టీఓ కార్యాలయంలో అడగాలి.