బేస్ గిటార్‌లోకి బ్యాటరీ ఎలా వచ్చింది

యాక్టివ్ బేస్ గిటార్‌ను వెనక్కి తిప్పి చూస్తే ఒక చిన్న మూత కనిపిస్తుంది. తీస్తే లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. మల్టీమీటర్లలో వేసే చదరపు బ్యాటరీయే. యాంప్లిఫయర్ ఎలాగూ గోడ కరెంటు మీద నడుస్తుంది కదా, మరి వాయిద్యంలో ఈ బ్యాటరీ ఎందుకు? శబ్దం పెద్దగా రావడానికని చాలామంది అనుకుంటారు. కొత్తగా కొనేవాళ్లకు కొన్ని దుకాణాల్లో చెప్పే మాటా అదే. నిజానికి ఆ బ్యాటరీ పుట్టింది తీగలో లేచిన నాదం దారిలో చిక్కిపోకుండా యాంప్ దాకా చేరడం కోసం. ఈ సంగతి తెలియకపోతే వేలకు వేలు పోసి కొన్న వాయిద్యం మంచిదో కాదో తేల్చుకోవడం కష్టం.

ఎలక్ట్రిక్ బేస్ ఆలోచన 1930లలోనే ఉంది. సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ అనే ఆయన మెట్లున్న, ఒళ్లో పట్టుకుని వాయించే బేస్ తయారుచేశాడు గానీ అది జనంలోకి వెళ్లలేదు. జనంలోకి వెళ్లింది 1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణంతో మొదలైన మనిషి ఆయన. గిటార్ వాయించడం ఎన్నడూ నేర్చుకోలేదు. అయినా వాయించేవాళ్ల అవస్థ ఏమిటో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదంటాను. నిలువెత్తు డబుల్ బేస్‌ను మోసుకు తిరిగే బాధ, ట్రంపెట్ల మోతలో అది వినపడని బాధ, మెట్లు లేక శ్రుతి తప్పే బాధ, ఈ మూడింటినీ ఒక్క చెక్కతో తీర్చాడు. తీగ పొడవు 34 అంగుళాలు పెట్టాడు. నేటికీ అత్యధిక బేస్‌లకు అదే కొలత.

ఆ బేస్‌లో బ్యాటరీ లేదు. అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగే పికప్. ఉక్కు తీగ కంపిస్తే ఆ చుట్లలో కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. అది వాల్యూమ్ నాబ్, టోన్ నాబ్ దాటి కేబుల్‌లోంచి యాంప్‌కు వెళుతుంది. చిక్కంతా ఇక్కడే. ఇన్ని చుట్లున్న పికప్‌కు ఇంపెడెన్స్ ఎక్కువ, అంటే వోల్టేజీ ఉన్నా ముందుకు నెట్టే సత్తువ తక్కువ. కేబుల్‌కేమో మీటరుకు దాదాపు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. ఆరేడు మీటర్ల కేబుల్ తగిలిస్తే, రెండు మూడు వేల హెర్ట్జ్ దాటిన సన్నని ధ్వనులు క్రమంగా కరిగిపోతాయి. బావి దగ్గర నిండిన బిందె ఇంటికొచ్చేసరికి వెలితి పడ్డట్టు, తీగ మీద వేలు తగిలిన ఆ మొదటి చురుకు యాంప్ చేరేసరికి మిగలదు.

అయితే ఈ నష్టం అందరికీ నష్టం కాలేదు. మోటౌన్ సంస్థ రికార్డుల్లో జేమ్స్ జామర్‌సన్ వాయించిన ప్రెసిషన్ బేస్ పాసివే, అంటే బ్యాటరీ లేనిదే. పాట అడుగున మెత్తగా, గుండ్రంగా నడిచే ఆ నాదాన్ని ఇప్పటికీ ఎవరూ తక్కువ చేయలేరు. మన చెవికి బేస్ గిటార్‌ను దగ్గర చేసినవాడు ఇళయరాజా. 1989 నాటి ‘గీతాంజలి’ పాటల్ని ఫోను స్పీకర్లో కాకుండా మంచి హెడ్‌ఫోన్స్‌లో వినండి. పల్లవి కింద ఇంకో పాట నడుస్తున్నట్టుంటుంది. అలాంటి వరుసలు వినే చెవికే తెలుస్తుంది, బేస్ అంటే కేవలం ‘ధమ్ ధమ్’ కాదని, అందులోని ప్రతి స్వరానికీ మొదలూ నడకా ముగింపూ ఉంటాయని.

ఆ మొత్తం స్వరాన్ని పట్టుకోవాలన్న పట్టుదల శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో పుట్టింది. 1960ల చివర గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం చుట్టూ చేరిన సౌండ్ ఇంజనీర్లు తమ కచేరీల్లో శబ్దం స్పష్టంగా ఉండటం లేదని మథనపడేవాళ్లు. స్పీకర్ల దగ్గర మొదలుపెట్టి, మైకుల్ని సరిచేసి, చివరికి వాయిద్యం దాకా వచ్చారు. ఆంపెక్స్ సంస్థలో పనిచేసి వచ్చిన రాన్ విక్కర్‌షామ్, గిటార్లు తయారుచేసే రిక్ టర్నర్, రికార్డింగ్ తెలిసిన బాబ్ మాథ్యూస్ కలిసి నడిపిన సంస్థే అలెంబిక్. విక్కర్‌షామ్ ఆలోచన సూటిగా ఉంది. పికప్‌కు తక్కువ చుట్లు చుడితే సన్నని ధ్వనులు బతుకుతాయి. కానీ సిగ్నల్ బలహీనమవుతుంది. ఆ బలహీనతను కేబుల్ ఎక్కకముందే, వాయిద్యం లోపలే ఒక చిన్న ప్రీయాంప్‌తో సరిచేస్తే? ప్రీయాంప్ నుంచి బయటికొచ్చే సిగ్నల్‌కు ఇంపెడెన్స్ తక్కువ కాబట్టి కేబుల్ ఎంత పొడవున్నా దాన్ని తినలేదు. యాక్టివ్ బేస్ మూలసూత్రం ఇంతే.

ముందు డెడ్ బృందం బేసిస్ట్ ఫిల్ లెష్, మరో బేసిస్ట్ జాక్ కసాడీల పాత గిల్డ్ కంపెనీ బేస్‌లను విప్పి లోపల సర్క్యూట్లు పెట్టారు. 1972లో కసాడీ కోసం అలెంబిక్ తన మొదటి బేస్‌ను మొత్తంగా తానే తయారుచేసింది. 1974లో డెడ్ బృందం నిలబెట్టిన స్పీకర్ల గోడ ‘వాల్ ఆఫ్ సౌండ్’ కాలానికి లెష్ బేస్‌లోని నాలుగు తీగల నాదాన్నీ విడివిడిగా వేర్వేరు స్పీకర్లకు పంపగలిగారు. అదే రోజుల్లో స్టాన్లీ క్లార్క్ చేతికి అలెంబిక్ చేరింది. డబుల్ బేస్ మీద ఆరితేరిన జాజ్ విద్వాంసుడు ఆయన. 1976లో వచ్చిన ‘స్కూల్ డేస్’ ఆల్బంలో బేస్ వెనక వరుస వదిలి ముందుకొచ్చి పాట పాడింది. తీగ మీద గోరు ఆనినా వినపడే వాయిద్యం లేకపోతే ఆ వాదనం సాధ్యమయ్యేది కాదని నా నమ్మకం.

కానీ అలెంబిక్ చేతిపనితో తయారైన ఖరీదైన వస్తువు. దాన్ని మామూలు వాద్యకారుడికి అందేలా చేసినవాడు మళ్లీ లియో ఫెండరే. ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన మలుపు ఇది. 1965లో ఆయన తన సంస్థను సీబీఎస్‌కు 1.3 కోట్ల డాలర్లకు అమ్మేశాడు. పదేళ్లపాటు పోటీకి రాకూడదని ఒప్పందం. గడువు తీరేలోగా ఆయన పాత సహచరులు ఫారెస్ట్ వైట్, టామ్ వాకర్ మొదలుపెట్టిన సంస్థ మ్యూజిక్ మ్యాన్ అయింది. గడువు తీరిన 1975లో లియో దానికి అధ్యక్షుడయ్యాడు. మరుసటి ఏడు స్టింగ్‌రే బేస్ వచ్చింది.

స్టింగ్‌రే చూడటానికి సాదా వస్తువు. ఒకే ఒక్క పెద్ద హంబకర్, అంటే రెండు కాయిల్స్ ఉన్న పికప్, అదీ బ్రిడ్జి వైపు జరిపి పెట్టింది. తలమీద మూడు శ్రుతి మరలు ఒక వైపు, ఒకటి ఇంకో వైపు. పికప్‌లోని రెండు కాయిల్స్‌ను ప్యారలల్‌గా కలిపారు. దాంతో ధ్వని స్పష్టమైంది, సిగ్నల్ తగ్గింది. తగ్గిన సిగ్నల్‌ను వాకర్ ప్రీయాంప్ ఎత్తింది. ఎవరూ చూసి రాసుకోకుండా ఆ ప్రీయాంప్ మీద ఎపాక్సీ పూసి మూసేశారు. పాసివ్ టోన్ నాబ్ ఉన్నదాన్ని కోయడమే చేస్తుంది. ఇందులో బేస్‌ను (మంద్ర ధ్వనుల్ని), ట్రెబుల్‌ను (సన్నని ధ్వనుల్ని) పెంచుకునే నాబ్‌లు వాయించేవాడి చేతికొచ్చాయి. పెద్దయెత్తున తయారై అమ్ముడైన మొదటి యాక్టివ్ బేస్ ఇదే. 1979లో షిక్ బృందం ‘గుడ్ టైమ్స్’లో బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ వాయించింది స్టింగ్‌రేనే. బొటనవేలితో కొట్టి వాయించే స్లాప్ పద్ధతిలో లూయిస్ జాన్సన్ దీని పదును ఏమిటో చూపించాడు. దీని రూపకల్పనలో సాయపడిన స్టెర్లింగ్ బాల్, తీగల తయారీదారు ఎర్నీ బాల్ కొడుకు. 1984లో ఎర్నీ బాల్ సంస్థే మ్యూజిక్ మ్యాన్‌ను కొనేసింది. అప్పటికే లియో బయటికొచ్చి జార్జ్ ఫుల్లర్టన్‌తో కలిసి జీ అండ్ ఎల్ పెట్టి, ఎల్-2000 బేస్‌లో యాక్టివ్, పాసివ్ మధ్య మారే స్విచ్ ఇచ్చాడు. కొనేవాడికి ఇంతకంటే నిజాయితీగల సౌకర్యం లేదు.

తరవాతి కథ వేగంగా నడిచింది. రాబ్ టర్నర్ స్థాపించిన ఈఎంజీ ప్రీయాంప్‌ను పికప్ డబ్బాలోనే పెట్టింది. న్యూయార్క్‌లో రోజర్ సడౌస్కీ, మార్కస్ మిల్లర్‌కున్న 1977 నాటి ఫెండర్ జాజ్ బేస్‌లో ప్రీయాంప్ బిగించాడు. పాత చెక్కకు కొత్త సర్క్యూట్ కలిసిన ఆ నాదం తరవాత ఎందరికో కొలబద్ద అయింది. ఐదో తీగ, అంటే దాదాపు 31 హెర్ట్జ్‌ల మంద్ర ‘బి’ వచ్చాక యాక్టివ్ సర్క్యూట్ మరింత మామూలైపోయింది. ఐబనెజ్ ఎస్‌ఆర్, యమహా టీఆర్‌బీఎక్స్ వంటి వరుసల పుణ్యమా అని ఇవాళ చర్చి క్వైర్లో వాయించే కుర్రాడి చేతిలోనూ, కాలేజీ బ్యాండ్‌లోనూ ఈ బ్యాటరీ ఉంది.

మరి మంచి చెడ్డలు తేల్చడం ఎలా? దుకాణంలో చాలామంది చేసేది బేస్, ట్రెబుల్ రెండూ పూర్తిగా తిప్పి వాయించడం. నాబ్‌లన్నీ అలా పెంచితే ఏ చెక్కైనా గొప్పగానే వినిపిస్తుంది. ముందు అన్నీ ఫ్లాట్‌లో, అంటే దేన్నీ పెంచకుండా తగ్గించకుండా పెట్టాలి. చాలా ప్రీయాంప్‌లలో నాబ్ మధ్యలో చిన్న క్లిక్ తగులుతుంది, అదే ఫ్లాట్. రెండు నాబ్‌ల పాత తరహా స్టింగ్‌రేలో ఆ క్లిక్ ఉండదు, చెవితోనే వెతుక్కోవాలి. అలా పెట్టి ఒక్కో తీగను ఒక్కో మెట్టు దగ్గర మీటి, స్వరం ఎంతసేపు నిలుస్తుందో, ఎక్కడైనా చప్పగా చచ్చిపోతుందో వినాలి. మెడ మీద ఐదు, ఏడు మెట్ల చుట్టుపక్కల సన్న తీగల్లో ఈ లోపం తరచుగా దొరుకుతుంది. దాన్ని ఏ ప్రీయాంపూ బాగుచేయలేదు. ఆ తరవాత ట్రెబుల్ పెంచి, చేయి తీసేసి ‘హిస్’ ఎంత వస్తోందో వినాలి. చివర్లో గట్టిగా స్లాప్ చేయాలి. 9 వోల్టుల సర్క్యూట్‌కు ఒక హద్దుంది. బేస్ నాబ్ నిండా పెంచి బలంగా కొడితే సిగ్నల్ ఆ హద్దుకు తగిలి చిట్లుతుంది. కొందరు రెండు బ్యాటరీలతో 18 వోల్టులు పెట్టేది అందుకే. శబ్దం పెరగదు, చోటు పెరుగుతుంది.

సొంతం చేసుకున్నాక పాటించాల్సింది కొద్దే. చాలా యాక్టివ్ బేస్‌లలో కేబుల్ గుచ్చగానే జాక్‌లోని అదనపు మొన బ్యాటరీని కలుపుతుంది. వేరే స్విచ్ ఉండదు. వాయించడం అయ్యాక కేబుల్ తీయకపోతే రాత్రంతా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. తీస్తే మాత్రం మిల్లీయాంపు కూడా తాగని ప్రీయాంప్‌కు ఒక మంచి ఆల్కలైన్ బ్యాటరీ నెలల తరబడి వస్తుంది. స్వరం గరగరమంటే ముందు స్పీకర్‌ను అనుమానించకుండా బ్యాటరీ మార్చి చూడాలి. వాయిద్యాన్ని చాలాకాలం పక్కన పెట్టేటప్పుడు బ్యాటరీ తీసి ఉంచాలి. లోపలే కారితే సర్క్యూట్ పాడవుతుంది. సెకండ్ హ్యాండ్‌ది కొనేటప్పుడు ఆ మూత తెరిచి క్లిప్పుల దగ్గర పచ్చటి తుప్పు ఉందేమో చూడండి. పాసివ్ స్విచ్ ఉంటే అటు వేసి, మీకు బాగా వచ్చిన ఒక పాటను మొదటి నుంచి చివరిదాకా వాయించండి. ఆ నాదం మీకు నచ్చకపోతే, యాక్టివ్ వైపు ఎంత మెరిసినా ఆ బేస్‌ను అక్కడే వదిలేయండి.